ఆచార్య కార్మాను: వైమానిక విద్యాలయముల కథ

ప్రతి సంవత్సరము వేసవిలో పరీక్షాఫలితములు వెలువడగానే, విమాననిర్మాణశాస్త్రము నభ్యసింపగోరు బాలబాలికలును వారి తల్లిదండ్రులును కళాశాలల పట్టికలను ముందుంచుకొని, దేనికి దరఖాస్తు పెట్టవలయునో తేల్చుకొనలేక సతమతమగుట మన మెల్లరము చూచుచున్నదే. ఏ కళాశాలకు పేరున్నది, ఎచట రుసుము తక్కువ, ఎచట చదివినవారికి ఉద్యోగములు త్వరగా దొరకును, కానుపూరా, బొంబాయియా, చెన్నపురియా, లేక సముద్రములు దాటి యమెరికాయేనా యను ప్రశ్నలే యింటింట వినబడుచుండును. ఇవి యనవసరములని మేము చెప్పజాలము. వ్యయము భరించువారు వ్యయమును గూర్చి యాలోచింపక తప్పదు.

అయినను పట్టికలలో కానరాని సంగతి యొకటి కలదు. ఒక విద్యాలయమునందు బోధించువా రెవరు, వారచట ఏ ప్రశ్నలపై రాత్రింబగళ్లు శ్రమించుచున్నారు, విద్యార్థిని ఆ ప్రశ్నలలో చేయిపెట్టనిత్తురా లేదా యనునదియే యా సంగతి. హంగేరీలో జన్మించి, జర్మనీలో ఆచార్యుడై, అమెరికాలో విఖ్యాతుడైన థియోడర్ ఫాన్ కార్మాను జీవితమును పరికించినచో నిది తేటతెల్లమగును. భూతలమునకు 100 కిలోమీటర్ల యెత్తున వాయుమండలమునకును అంతరిక్షమునకును ఎల్లగా ఎన్నబడు రేఖకు ఆయన పేరే పెట్టియున్నారు. రేఖ పేరు నెఱిగిన విద్యార్థులు వేలకొలది యుందురు గాని, మనుష్యుని కథ నెఱిగినవారు కొలదిమందియే.

1881వ సంవత్సరము మే 11వ తేదీన బుడాపెస్టు నగరమున ఒక యూదు కుటుంబమున కార్మాను జన్మించెను. తండ్రి మోర్ కార్మాను హంగేరీ దేశపు ఉన్నతపాఠశాలల బోధనాపద్ధతిని సంస్కరించిన విద్యావేత్త. ఆ సేవకు గుఱుతుగా 1907లో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ ఆయనకు ప్రభుబిరుదము నొసగెను. కుమారుని పేరులోని ఫాన్ యను శబ్దమునకు మూలమదియే.

బాలుడు ఆఱేండ్ల వయస్సుననే ఆఱంకెల సంఖ్యలను మనస్సులోనే గుణించి చెప్పుచుండెనట. ఇట్టి బిడ్డ మన యూళ్లలో పుట్టియున్నచో సభలలో వేదిక లెక్కించి, పూలదండలు వేయించి, పత్రికలలో చిత్రములు ముద్రింపించియుందుము. తండ్రి చేసినది వేఱు. ఈ గారడి వలన బిడ్డ వికారపుమేధావిగా మాఱునని భయపడి, లెక్కలను పూర్తిగా మాన్పించి, చరిత్రము, భూగోళము, కావ్యములు చదివించెను. కొన్ని సంవత్సరములు గడచిన పిదపగాని బాలునకు గణితము తిరిగి దక్కలేదు. దీనివలన గణితజ్ఞు డొకడు నష్టపడలేదని కాలమే నిరూపించినది. తరువాతి కాలమున ఆయన నాలుగైదు దేశముల వారితో కలసి పనిచేయగలిగినదియు, సేనానులకును యంత్రకారులకును కవులకును సమముగా మిత్రుడు కాగలిగినదియు ఆ సంవత్సరముల చదువు వలననే యని మా యభిప్రాయము.

తండ్రి నెలకొల్పిన మింటా యను ఆదర్శపాఠశాలలోనే కుమారుడు చదివెను. అచట సూత్రములను వల్లెవేయించు నలవాటు లేదు. హంగేరీదేశమున ఏ యేట ఎంత గోధుమ పండినదో లెక్కలు సేకరించి, గీతలు గీసి, పెరుగుదల యెట్లున్నదో, తరుగుదల యెట్లున్నదో బాలురే కనుగొనవలెను. ఉపాధ్యాయులు తరగతి వెలుపల గూడ పిల్లలతో కలసిమెలసి మాటలాడుచుండిరి. గణితమునందు దేశమంతటికి జరుగు ఎట్వష్ పోటీపరీక్షలో కార్మాను 1898లో బహుమానము పొందెను.

అదే సంవత్సరమున ఆయన బుడాపెస్టులోని జోసెఫ్ సాంకేతిక విశ్వవిద్యాలయమున యంత్రశాస్త్రమున చేరి, 1902లో ఉత్తమశ్రేణిలో పట్టము పుచ్చుకొనెను. పాఠకు లిచట సంవత్సరములను గమనింపవలయును. రైటు సోదరుల యంత్రము నేల విడిచి లేచినది 1903 డిసెంబరు 17వ తేదీన. కార్మాను చదువుకొనునాటికి విమానమే లేదు. విమానవిద్య నేర్పు కళాశాల భూమండలమున ఎచటను లేదు. ఆ విద్యకు ఆచార్యులలో అగ్రగణ్యుడైన వాడు యంత్రశాస్త్రపు తరగతిలో చదివి వచ్చినవాడే! కావున ఏరోనాటికల్ శాఖలో సీటు దొరకక మెకానికల్ శాఖలో చేరవలసివచ్చినదని కంటతడిపెట్టు బాలురు ధైర్యము వహింపవచ్చును.

ఒక యేడు సైన్యమున ఫిరంగిదళములో నిర్బంధసేవ చేసి వచ్చి, చదివినచోటనే సహాయాధ్యాపకుడుగను, గాంజ్ యంత్రశాలకు సలహాదారుగను కార్మాను మూడేండ్లు గడపెను. జీవనమునకు లోటు లేదు. అయినను బుడాపెస్టులో నిలిచినచో తాను మంచి యింజనీరుగనే మిగిలిపోవుదునని ఆయన గ్రహించినట్లున్నది. తండ్రియు విదేశమునకు పొమ్మని ప్రోత్సహించెను. హంగేరియను విజ్ఞానపరిషత్తు ఇచ్చిన విద్యార్థివేతనముతో 1906లో ఆయన జర్మనీలోని గోటింగెన్ పట్టణమునకు పోయెను.

ఈ యెన్నిక గమనింపదగినది. బెర్లిను వంటి రాజధానీనగరమున గొప్ప సాంకేతిక విద్యాలయము లేకపోలేదు. గోటింగెన్ చిన్న పట్టణము. కాని అచట ఫెలిక్స్ క్లైను అను గణితాచార్యుడు, గణితము యంత్రశాలలకు ఉపయోగపడవలెననియు, యంత్రశాలలు గణితమునకు క్రొత్త ప్రశ్నలను పంపవలెననియు పట్టుపట్టి పనిచేయుచుండెను. ఆయనయే లుడ్విగ్ ప్రాంటెల్ అను యువకుని హానోవరు నుండి పిలిపించెను. హానోవరులో పూర్ణాచార్యపదవిలో నున్న ప్రాంటెల్ గోటింగెనులో దానికంటె తక్కువ పదవికే వచ్చెను. ఆచార్యులు సైతము పదవి కంటె స్థలమునే కోరి రాదగిన చోటు అది యని దీనివలన తెలియుచున్నది.

ఆ ప్రాంటెల్ 1904లో హైడెల్‌బర్గు గణితసభలో చదివిన కొలదిపుటల వ్యాసము ఆధునిక వైమానికశాస్త్రమునకు పునాది. గాలి యొక వస్తువు మీదుగా ప్రవహించునపుడు, ఆ వస్తువు నంటియుండు మిక్కిలి పలుచని పొరలోనే రాపిడి ముఖ్యముగా పనిచేయుననియు, ఆ పొర వెలుపల గాలిని రాపిడి లేనిదానినిగా లెక్కింపవచ్చుననియు ఆయన చూపెను. అంతవఱకు గణితజ్ఞుల గాలికి రాపిడి లేదు. ఇంజనీర్ల గాలికి గణితము లేదు. రెంటిని కలిపినది ఆ పలుచని పొరయే.

అయితే కార్మాను ప్రాంటెల్ కడ మొదట చేసిన పని విమానములను గూర్చినది కాదు. పైనుండి బరువు పడినపుడు నిలువుకంబములు ఎట్లు వంగి విఱుగునను విషయముపై గ్రంథము వ్రాసి 1908లో డాక్టరు పట్టము పొందెను. పిదప ఏమి చేయవలెనో తోచక పారిసు నగరమున కాలక్షేపము చేయుచు, ఒకనాడు రాత్రియంతయు మేలుకొని మిత్రులతో గడపి, వేకువజామున హెన్రీ ఫార్మాను ఎగురునని విని నగరపు అంచుననున్న మైదానమునకు పోయెను. కఱ్ఱకమ్ములతోను గుడ్డతోను కట్టిన ఆ యంత్రము నేలవిడిచి, మైదానము చుట్టి, తిరిగి వచ్చి దిగినది. ఆ దృశ్యము ఆయన మనస్సున నాటుకొనెను. ఎగురుచున్నదని కన్నులు చెప్పుచున్నవి. ఏల ఎగురుచున్నదో చెప్పు శాస్త్రము లేదు. కొలదికాలమునకే ప్రాంటెల్ పిలుపుపై ఆయన గోటింగెనుకు తిరిగివచ్చెను. అచట గాలిని కృత్రిమముగా ప్రవహింపజేసి నమూనాలను పరీక్షించు సొరంగము అప్పుడే సిద్ధమగుచుండెను.

అచట 1911లో జరిగిన యొక సంగతి చెప్పదగియున్నది. ప్రాంటెల్ శిష్యుడు హీమెంజ్ అనునాతడు నీటికాలువలో నొక గుండ్రని స్తంభమును నిలిపి, దాని చుట్టును నీటి యొత్తిడిని కొలువ యత్నించుచుండెను. నీరు స్తంభము వెనుక నిలుకడగా పోవలెను గదా, పోలేదు. అటునిటు ఊగుచుండెను. స్తంభము సరిగ గుండ్రముగ లేదేమో యని నునుపు చేసిరి. కాలువ సమముగ లేదేమో యని సరిచేసిరి. ఊగుట మానలేదు. కార్మాను ప్రతి యుదయము వచ్చి, నీరు నిలుకడ పడినదా యని అడుగుట, హీమెంజ్ దీనవదనుడై లేదనుట నిత్యకృత్యమయ్యెను. లోపము స్తంభమున లేదు, కాలువలో లేదు, ఊగుటయే నీటి స్వభావమై యుండునని కార్మానునకు తట్టెను. వారాంతమున లెక్క వేసి చూచెను. స్తంభమున కిరువైపుల నుండి విడివడు సుడులు ఎదురెదురుగ జంటలుగా నిలువజాలవు. ఒకటి కుడి, మఱియొకటి యెడమ, మరల కుడి యిట్లు మార్చి మార్చి, వానిమధ్య దూరము ఒకానొక నిష్పత్తిలో నున్నపుడే నిలుచును. వరదనాడు వంతెనకంబముల వెనుక మనము చూచు సుడుల వరుసకును, గాలికి తీగలు పాడుటకును ఇదియే కారణము. ఈ వరుసకే కార్మాను సుడులవీథి యని పేరు. 1940 నవంబరు 7వ తేదీన అమెరికాలో టకోమా వంతెన గాలియూపునకు మెలిదిరిగి కూలినపుడు, విచారణసంఘమున ఆయనను నియమించుటకు ఈ పాండిత్యమే హేతువు.

హీమెంజ్ పక్షమున మే మొకమాట చెప్పవలసియున్నది. కీర్తి కార్మానునకు దక్కెను గాని, నెలల తరబడి నీటితో పోరాడినవాడు ఆ విద్యార్థి. ఒకని విఫలప్రయత్నము పొరుగుగదిలోని వానికి ఫలించుట మంచి విద్యాలయములలోనే జరుగును. తలుపులు మూసికొని యెవరి పని వారు చేసికొనుచోట జరుగదు.

1912లో హంగేరీలోని యొక గనుల కళాశాలలో ఆచార్యపదవి దొరకగా కార్మాను అంగీకరించి పోయెను. పరిశోధనకు వసతి లేదని చూచి అచిరకాలముననే విడిచి వచ్చెను. 1913లో ఆఖెన్ సాంకేతిక విద్యాలయమున వైమానికశాఖకు ఆచార్యుడయ్యెను. మరుసటియేట మహాసంగ్రామము వచ్చి ఆయనను ఆస్ట్రియా-హంగేరీ సైన్యమునకు లాగుకొనిపోయెను. త్రాళ్లతో నేలకు కట్టబడి నిట్టనిలువుగ లేచు యంత్రమును పరీక్షించిన బృందమున ఆయనయు నొకడు. యుద్ధాంతమున 1919లో హంగేరీలో నేర్పడిన విప్లవప్రభుత్వపు విద్యాశాఖలో కొలదికాలము పనిచేసి, అది కూలిన పిదప ఆఖెనుకు మరలెను.

ఓడిన జర్మనీకి విమానములు నిర్మించుకొను స్వేచ్ఛ లేదు. విద్యార్థుల చేతిలో డబ్బు లేదు. అట్టి కాలమున ఆఖెన్ విద్యార్థులు యంత్రము లేని తేలుడు విమానమును తమ చేతులతో నిర్మింప బూనగా కార్మాను వారిని ప్రోత్సహించెను. ఆయన సహాయకుడు క్లెంపెరర్ 1920లో రోన్ కొండలపై జరిగిన తొలి పోటీలో నల్లదయ్యమను పేరుగల ఆ విమానముతో నెగ్గెను. సామగ్రి లేమి విద్యకు అడ్డుగోడ యని తలచువారు దీనిని స్మరింతురు గాక. గురువు తల్లితోను సోదరి జోసెఫీనుతోను సరిహద్దుకు ఆవల హాలెండులోని వాల్స్ గ్రామమున నివసించుచుండెను. ఆయన వివాహమాడలేదు. ఆ యింటి తలుపులు శిష్యులకు తెఱచియే యుండెడివి. విరోధులైన దేశముల పండితులు ఒకరి మొగ మొకరు చూడని ఆ దినములలో, 1922లో ఇన్స్‌బ్రుక్కు నగరమున వారి నొకచోట కూర్చినవారిలో కార్మాను ముఖ్యుడు.

ఇంతలో అమెరికాలో నొక క్రొత్త యేర్పాటు జరిగినది. డేనియల్ గుగ్గెన్‌హైము అను గనుల యధిపతి 1925లో న్యూయార్కు విశ్వవిద్యాలయమునకు వైమానిక పాఠశాల కొఱకు 5 లక్షల డాలర్లిచ్చి, 1926లో వైమానికవిద్యాభివృద్ధికై 25 లక్షల డాలర్లతో నిధి నేర్పఱచెను. ఏ విద్యాలయముల కీయవలెను? విద్యార్థులు కళాశాలల నెన్నుకొనునట్లే దాతయు కళాశాలల నెన్నుకొనవలసివచ్చెను. మసాచుసెట్సు, మిచిగను, స్టాన్‌ఫర్డు, వాషింగ్టను, కాలిఫోర్నియా, చివరకు దక్షిణప్రాంతమున జార్జియా విద్యాలయములకు ద్రవ్యము లభించెను. నేటికిని అమెరికాలో వైమానికవిద్యకు పేరొందిన స్థానములలో పెక్కు ఈ పట్టికలోనివే. తొంబదేండ్లకు పైబడిన పిదప గూడ ఒక దాత యెన్నిక విద్యార్థుల యెన్నికను నడపుచుండుట వింతయే.

కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ యధిపతి రాబర్టు మిల్లికాను ధనముతో తృప్తిపడక మనిషిని వెదకెను. 1926లో కార్మానును పిలిపించి, గాలిసొరంగపు నిర్మాణమున సలహా తీసికొని, ఇచటనే యుండుడని కోరెను. కార్మాను మూడేండ్లు తటపటాయించెను. జర్మనీలో యూదులపై ద్వేషము పెరుగుచుండుట ఆయన కన్నులార చూచెను. 1930లో తల్లితోను సోదరితోను పాసడీనా చేరి, గుగ్గెన్‌హైము ప్రయోగశాల కధ్యక్షుడయ్యెను. మూడేండ్లలో హిట్లరు అధికారమునకు వచ్చెను. గోటింగెను నుండి యూదుపండితులు తరిమివేయబడిరి. ఒక గొప్ప విద్యాలయమును నిర్మించుటకు రెండు తరములు పట్టినది. పాడుచేయుటకు రెండు సంవత్సరములు చాలినవి.

పాసడీనాలోని పదియడుగుల గాలిసొరంగమునకు చుట్టుపట్ల డగ్లసు మొదలగు విమానశాలల వారు నమూనాలను తెచ్చి పరీక్షింపించుకొనుచుండిరి. ఱెక్క దేహమును కలియు మూలలో గాలి చెదరి విమానమును వణకించుచున్నదని కనుగొని, ఆ మూలను నున్నని వంపుతో పూడ్చుటచే దోషము పోగొట్టిరి. ప్రపంచమంతట ప్రయాణికులను మోసిన డగ్లసు డి.సి.-3 విమానము కుటుంబమంతయు ఈ సొరంగమున పరీక్షకు నిలిచినదే. విద్యార్థులకు పాఠ్యపుస్తకములోని లెక్క వేఱు, కార్ఖానాలోని చిక్కు వేఱు అను భేదమే తెలియదు.

చైనావాడైన చియెన్ షూసెన్ చేసిన యెన్నిక మన విద్యార్థులు ప్రత్యేకముగ తెలిసికొనవలసినది. షాంఘైలో రైలుయంత్రముల విద్య చదివి, విద్యార్థివేతనముపై 1935లో ఆతడు మసాచుసెట్సు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేరెను. అంతకంటె పేరుగల కళాశాల యేది? కాని అచటి బోధన ప్రయోగశాలలోని చేతిపనికి ప్రాధాన్యమిచ్చునది. చియెన్ బుద్ధి గణితము వైపునకు మొగ్గినది. ఒక యేడాదిలో పట్టము తీసికొని, పేరుగల కళాశాలను విడిచి, 1936లో కార్మానును వెదకుకొనుచు పాసడీనా చేరెను. 1939లో డాక్టరయ్యెను. ఆ గురుశిష్యుల పేర్లు కలసిన సూత్రము, అతివేగమున గాలి యొత్తిడిని లెక్కించుటకు, పాఠ్యపుస్తకముల కెక్కినది. చియెనును అటుపిమ్మట 1950లో కమ్యూనిస్టను అనుమానముపై వేధించి, అయిదేండ్లు నిర్బంధములలో నుంచి, 1955లో చైనాకు పోనిచ్చిరి. ఆ దేశపు రాకెట్లకు ఆతడే మూలపురుషుడయ్యెను. అమెరికా తన చేతులారా చేసికొన్న నష్టములలో నింతకు మించినది మే మెఱుగము.

1936లో ఫ్రాంక్ మలీనా యను విద్యార్థి రాకెట్లపై పరిశోధన చేయుదునని వచ్చెను. వెంట తెచ్చిన మిత్రు లిద్దఱు, పార్సన్సును ఫోర్మానును, కళాశాల పట్టము లేనివారు. రాకెట్టు అనగా ఆ నాటి పండితులకు పిల్లల కథలలోని వస్తువు. కార్మాను నవ్వలేదు, పట్టములున్నవా యని యడుగలేదు, ప్రయోగశాలలో చోటిచ్చెను. తరువాత ప్రభుత్వపు పరిశోధనకు రెండు సమస్యలు వచ్చినపుడు మసాచుసెట్సు వారు కిటికీలపై మంచు పేరుకొను సమస్యను తీసికొని రాకెట్టు సమస్యను కార్మానునకు వదలివేసిరి. 1941 ఆగస్టులో రాకెట్ల యూతతో నొక చిన్నవిమానము లేచెను. చంద్రునికిని గ్రహములకును యంత్రములను పంపిన జెట్ ప్రొపల్షన్ ప్రయోగశాల ఈ విధముగ పుట్టినదే.

1944లో అమెరికా వైమానికసేనాధిపతి ఆర్నల్డు ఆయనను ముఖ్యసలహాదారుగ నియమించెను. 1945లో, జర్మనీ పడిపోగానే, కార్మాను సేనాని వేషమున గోటింగెను చేరి, తన గురువు ప్రాంటెలును ప్రశ్నించెను. ప్రక్కన శిష్యుడు చియెన్ కూర్చుండెను. గురువు, శిష్యుడు, ప్రశిష్యుడు ఒక్క బల్ల చుట్టు, ముగ్గురును మూడు దేశములవారు, ఒకరు ఓడినవారు! నోర్డ్‌హౌజెన్ వద్ద ఖైదీలచే భూగర్భమున రాకెట్లు చేయించిన శిబిరమును గూడ ఆయన చూచెను. అంతటి విద్య అంతటి ఘోరమునకు దాసి యైన తీరును చూచియు, ఆయన తన శేషజీవితమున చాలభాగము సేనలకే ధారవోసెను. హిట్లరు వలన నిల్లు వాకిలి పోగొట్టుకొన్నవానికి అది సహజమని యొప్పుకొందుము గాని, సైన్యపు ధనముపై నిలిచిన ప్రయోగశాల సైన్యపు ప్రశ్నలనే యడుగుట నేర్చుకొనునను మాటయు సత్యమే.

ఈ గురుపరంపర మనదేశమునకును వచ్చినది. ప్రాంటెల్ శిష్యుడు విష్ణు మాధవ ఘాటగే బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో 1942లో వైమానికశాఖకు పునాది వేసెను. 1951లో ఎగిరిన హెచ్.టి.-2 శిక్షణవిమానము ఆయన రూపకల్పనయే. కార్మాను 1939లో రప్పించుకొన్న హాన్స్ లీప్‌మాను కడ సతీశ్ ధావన్ చదివి 1951లో డాక్టరు పట్టము పొందెను. లాహోరున చదివి, మినెసోటాలో ఒక పట్టము గైకొని, పిదప కాలిఫోర్నియాను వెదకుకొనుచు పోయినవాడు ధావన్. ఆయన కొలిచినది గాలి తలమును రాచుకొని పోవు రాపిడిని. అనగా ప్రాంటెల్ 1904లో చెప్పిన ఆ పలుచని పొరలోని సంగతియే. స్వదేశమునకు మరలి బెంగుళూరున గాలిసొరంగములు నిర్మించి, 1972 నుండి 1984 వఱకు అంతరిక్షసంస్థను నడపెను. మన నెల్లూరు సీమలో పులికాటు సరస్సునకును సముద్రమునకును నడుమనున్న శ్రీహరికోట కేంద్రమునకు 2002లో ఆయన పేరు పెట్టిరి.

కార్మాను 1949లో పాసడీనా ప్రయోగశాలాధ్యక్షత విడిచెను. 1951లో సోదరి మరణించుట ఆయనను మిక్కిలి క్రుంగదీసెను. అయినను ఐరోపాలో చెదరిన పండితులను మరల కూర్చు పని మానలేదు. బెల్జియములో 1956లో నెలకొన్న అంతర్జాతీయ శిక్షణాలయమునకు నేడు ఆయన పేరే. 1963 ఫిబ్రవరిలో అమెరికా దేశపు తొలి జాతీయ విజ్ఞానపతకమును అధ్యక్షుడు కెన్నెడీ ఆయన కందిచ్చెను. మెట్లు దిగునపుడు వృద్ధుడు తడబడగా అధ్యక్షుడు చేయి యందిచ్చెననియు, దిగువారికి ఊత యక్కఱలేదు, ఎక్కువారికే కావలయునని ఆయన చిఱునవ్వు నవ్వెననియు చెప్పుకొందురు. మూడుమాసములు గడవకముందే, తన తొలి శిష్యులు కఱ్ఱలతో విమానము కట్టిన ఆఖెన్ పట్టణమునకు వెళ్లియుండగా, అచటనే ఆయన కన్నుమూసెను. ఎనుబదిరెండవ జన్మదినమునకు కొలదిదినములే మిగిలియుండెను.